అంకణాలు, మీటర్లు, బాడుగలు

సుధాకరా,

నెల్లూరు వేదాయపాళెంలో మూడు పోర్షన్ల పాత ఇల్లు బేరానికొచ్చిందని, బాడుగలు బ్రహ్మాండంగా వస్తాయని బ్రోకరు ఊదరగొడుతున్నాడని రాశావు. బాడుగల మాట తర్వాత, ముందు స్థలం ఎంతో తేల్చుకో. ఒంగోల్లో నీకు గజాల లెక్క అలవాటు. ఇక్కడ ఎవర్ని కదిలించినా అంకణాలే. నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. (తిరుపతి పోతే అదే అంకణం 36 అడుగులే, అదో తమాషా.) సెంటుకి ఆరు అంకణాల పైన కొంచెం. నీకు చెప్పిన 30 అంకణాలకి దస్తావేజులో 240 గజాలుండాలి. 225 ఉందనుకో, దాదాపు రెండు అంకణాలకి ఉత్తపుణ్యానికి డబ్బు కడతావు. పాత ఇళ్ళలో ఇది మామూలే. మెట్లు, అరుగు రోడ్డు మీదకి జరిగుంటాయి, బేరంలో అవీ కలిపి చెబుతారు. లైసెన్సున్న సర్వేయరుని పెట్టి నాలుగు వైపులతోబాటు ఐమూలలు (మూల నుంచి ఎదురు మూలకి) కూడా కొలిపించు. ఐమూల కొలవకపోతే వంకర స్థలం కూడా కాగితం మీద చక్కగానే కనబడుతుంది. మొత్తానికింత అని కాకుండా, కొలతలో తేలిన అంకణానికింత అని అగ్రిమెంటులో రాయించు.

ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపించే ఈసీ ఆన్‌లైన్లో 1983 నుంచే దొరుకుతుంది. ఇల్లు అంతకంటే పాతదైతే సబ్ రిజిస్ట్రారాఫీసులో పాత పుస్తకాలు వెతికించాల్సిందే. అయినా ఈసీలో రిజిస్టరైనవే కనబడతాయి. ఒరిజినల్ చూపించమంటే జిరాక్సులు తిప్పుతున్నారంటే, అది ఎక్కడో తాకట్టులో ఉందనే అనుకో. చుక్కల భూములు (పాత రికార్డులో యజమాని పేరు బదులు చుక్కలున్నవి), డీకే పట్టాలు (ప్రభుత్వం పంచిన భూములు) 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధమున్న జాబితాలో ఉండొచ్చు, టౌన్ సర్వే నంబరుతోబాటు పాత రెవెన్యూ సర్వే నంబరు పెట్టి కూడా చూడు. రిజిస్ట్రేషన్ ఖర్చు అన్నీ కలిపి ఏడున్నర శాతం, అదీ దస్తావేజు విలువ, ప్రభుత్వ విలువల్లో ఏది ఎక్కువైతే దాని మీద. డబ్బంతా బ్యాంకులోనే ఇవ్వు. ఇరవై వేలు, ఆపైన నగదు చేతులు మారితే ఇన్‌కంట్యాక్సు వాళ్ళతో తంటా.

మనకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఎండాకాలంలో చూస్తే ఏ ఇల్లయినా బాగానే ఉంటుంది. కుదిరితే నవంబరులో చూడు. కుదరకపోతే నీళ్ళ మరకలు కప్పడానికి గోడ అడుగున కొత్త సున్నం ఎంత ఎత్తు దాకా వేశారో చూసి, ఎదురింటి పెద్దావిడని అడుగు. బ్రోకరు చెప్పని సంగతి ఆమె చెబుతుంది.

ఇక కరెంటు. మూడు పోర్షన్లకీ ఒకే సర్వీసుండి, లోపల సబ్ మీటర్లు పెట్టుంటే జాగ్రత్త. 2022లో పెట్టిన శ్లాబుల్లో మొదటి 30 యూనిట్లకి యూనిట్టు రూపాయి 90 పైసలు, ఎక్కేకొద్దీ పెరిగి 400 దాటితే 9.75. ఒక్కో పోర్షను 120 యూనిట్లు కాలిస్తే, వేరు మీటర్లయితే ఛార్జీ తలా 395 దాకా, ముగ్గురికీ 1,185. అదే 360 యూనిట్లు ఒక మీటరు మీద పడితే దాదాపు 2,200. ఫిక్సుడు ఛార్జీలు వేరు. పై వెయ్యి ఎవరు కట్టాలని ప్రతి నెలా పంచాయితీ. కాబట్టి మూడు సర్వీసులు తీసుకో, మోటారుని, మెట్ల లైటుని నీ మీటరు కిందే ఉంచి నిర్వహణ కింద ఇంత అని బాడుగలో కలుపు. ముందు పోర్షన్‌లో కొట్టు పెట్టనిస్తే మీటరు కమర్షియల్‌కి మార్పించు, లేకపోతే తనిఖీకొచ్చినవాళ్ళు వేసే జరిమానా సర్వీసు నీ పేరునుంది కాబట్టి నీ మీదికే వస్తుంది.

పదకొండు నెలలకి రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదని అందరూ అంటారు. 1999 సవరణ తర్వాత మన రాష్ట్రంలో బాడుగ పత్రం ఎన్నాళ్ళదైనా రిజిస్టరు చేయాలి. చేయకపోతే, గొడవై కోర్టుకెళ్ళిననాడు అందులోని షరతులు చూపించుకోలేవు. బాడుగవాళ్ళు పన్నెండేళ్ళుంటే ఇల్లు వాళ్ళదైపోతుందన్న భయం మాత్రం వద్దు. బాడుగ కడుతూ ఉన్నవాడు ఎన్నాళ్ళున్నా బాడుగవాడే. కాకపోతే ఆ బాడుగ బ్యాంకు ఖాతాలోనే వేయించుకో, బాడుగలో నోటిమాట సర్దుబాట్లు కుదరవని మొదటిరోజే చెప్పేయ్. చేరేరోజు గోడలు, కుళాయిలు, ఫ్యాన్లు, మీటరు రీడింగు ఫోటోలు తీసి వాళ్ళ వాట్సాప్‌కే పంపితే, ఖాళీ చేసేనాడు అడ్వాన్సులో కోతల మీద వాదన ఉండదు.

లింకు డాక్యుమెంట్ల (ఇల్లు చేతులు మారిన పాత దస్తావేజుల) జిరాక్సులు ఈ వారంలో పంపు, హద్దులు సరిచూసి చెబుతాను. ఈలోపు బ్రోకరు ఎంత తొందరపెట్టినా బయానా ఇవ్వబోకు. అమ్మని, పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ
రమణ