పనిచేసే ఆఫీసు ఫోన్లని తుక్కులో వెయ్యకండి, పాలిటెక్నిక్‌లకి ఇవ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్లో చదువుల పేజీ వదలకుండా చూస్తా, ఎక్కువగా పక్కన వచ్చే కోచింగ్ యాడ్స్ కోసమే అనుకోండి. అలాంటి యాడ్ చూసే నేను కూడా ఒకప్పుడు అమీర్‌పేటలో వాయిస్ కోర్సుకని 22 వేలు కట్టా. వాయిస్ అంటే పాటలు కాదండీ, ఆఫీసుల్లో, కాల్ సెంటర్లలో ఇంటర్నెట్ కేబుల్ మీద నడిచే ఫోన్లు ఉంటాయి కదా, వాటిని సెట్ చేసే పని. 45 రోజుల్లో నేను ఫోన్ ముట్టుకున్నది ఒక్కసారి, అదీ సార్ టేబుల్ మీదున్న ఒకే ఒక్క ఫోన్ని, 30 మందిమి లైన్లో నిలబడి. మిగతాదంతా పీపీటీలే. ఇంటర్వ్యూలో "వన్ వే ఆడియో వస్తే ముందు ఏం చూస్తావమ్మా" అని, అంటే ఒకవైపు మాటే వినిపించి రెండోవైపుది రాకపోతే ఏం చేస్తావని అడిగితే నోట మాట రాలేదు.

ఆ తర్వాత ఇంట్లోనే లాబ్ పెట్టుకున్నా. కోఠి గుజరాతీ గల్లీలో తిరిగి తిరిగి, ఏదో ఆఫీసు ఖాళీ చేసినప్పుడు వచ్చిన అలాంటి ఫోన్లే (ఐపీ ఫోన్లు అంటారు) మూడు 1,500కి బేరమాడా. అవి అక్కడికి ఎలా వచ్చాయో వాడు చెప్పలేదు, నేను అడగలేదు. రెండు పాత సిస్కో 7940లు, ఇంకోటి వేరే కంపెనీది. నెట్ కేబుల్లోంచే ఫోన్‌కి కరెంట్ కూడా ఇచ్చే పీవోఈ స్విచ్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తెచ్చి గుచ్చితే మూడోది వెలిగింది కానీ సిస్కోవి వెలగలేదు, రెండు రోజులు ఫోన్లే పోయాయనుకుని ఏడుపొచ్చింది, తీరా చూస్తే కేబుల్లోంచి కరెంట్ ఇచ్చే స్టాండర్డ్ 2003లో వచ్చింది, ఈ మోడల్ అంతకుముందు సిస్కో సొంతంగా పెట్టుకున్న పద్ధతిదట. 48 వోల్టుల అడాప్టర్లు వెతకడానికి ఒక ఆదివారం, ఆ ఫోన్లలో సిప్ (వేరే వేరే కంపెనీల ఫోన్లు కాల్స్ కలుపుకోడానికి వాడే ఉమ్మడి భాష లాంటిది) సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి ఇంకో ఆదివారం పోయింది. ఏ పీపీటీలోనూ ఈ ముక్క లేదు మరి.

ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కి కాల్ కలిపే ఎక్స్చేంజ్ పని చెయ్యడానికి రాస్ప్‌బెర్రీ పై అని అరచేతిలో పట్టే చిన్న బోర్డు ఒకటి, దాంట్లో ఆస్టరిస్క్ అనే సాఫ్ట్‌వేర్, అది ఫ్రీ. దాన్ని 1999లో మార్క్ స్పెన్సర్ అని అమెరికాలో ఒక స్టూడెంట్ రాశాడు, ఎందుకంటే పెట్టుకున్న చిన్న కంపెనీకి ఫోన్ ఎక్స్చేంజ్ కొనే స్తోమత లేక. నాకు ఈ కథ తెగ నచ్చుతుంది.

అసలు చదువు మాత్రం మా అత్తయ్య వల్లే వచ్చింది. వంటింట్లో ఫోన్ నంబర్ 101, మేడ మీద గదిలో 102. పైనుంచి చేస్తే కింద మోగుతుంది, ఆవిడకి నా మాట వినిపిస్తుంది, ఆవిడ మాట మాత్రం నాకు రాదు. కింది నుంచి పైకి చేస్తే అసలు రింగే అవ్వదు. ఆవిడ రిసీవర్ పెట్టేసినా పైన ఫోన్ కట్ అవ్వదు. "ఏమ్మా, ఇంత అరుస్తున్నా వినబడట్లేదా, మెట్లెక్కి వచ్చి చెప్పనా" అని ఆవిడ కేకలు ఫోన్లో కాదు, కిటికీలోంచి వినబడ్డాయి!

వైర్‌షార్క్‌లో (నెట్‌వర్క్‌లో ఏం వెళ్తోందో చూపించే సాఫ్ట్‌వేర్) పెట్టి చూశా. మాట సెకనుకి 50 ప్యాకెట్లుగా ముక్కలై వెళ్తుంది, ఒక్కోదాంట్లో 160 బైట్లు, కళ్ల ముందు కనబడుతుంటే భలే ఉంటుంది. అత్తయ్య మాటల ప్యాకెట్లు 192.168.0.5 అనే అడ్రస్‌కి పోతున్నాయి, మా ఇంటి నెట్‌వర్క్ చూస్తే 192.168.1తో మొదలవుతుంది, అంటే అది మా నెట్‌వర్క్‌లోని అడ్రసే కాదు. అప్పుడు వెలిగింది, మేడ మీదకి సిగ్నల్ అందట్లేదని మా ఆయన పాత వైఫై రౌటర్ని అక్కడ తగిలించారు, మేడ మీది ఫోన్ దాని వెనకాల ఉండి తన లోపలి అడ్రసే చెప్తోంది, ఎక్స్చేంజ్ బోర్డు ఆ అడ్రస్ నమ్మి ఎక్కడికో పంపేస్తోంది, మాటలు గాల్లోకి. సెట్టింగుల్లో మూడు లైన్లు మార్చి, చెప్పిన అడ్రస్‌కి కాదు వచ్చిన దారికే తిరిగి పంపమన్నా, అంతే. (రెండో రౌటర్ని వేరే నెట్‌వర్క్ పెట్టకుండా సిగ్నల్ మాత్రమే పంచే యాక్సెస్ పాయింట్‌గా మార్చినా పోయేది, కానీ ఆయన్ని ఒప్పించడం కన్నా కాన్ఫిగ్ మార్చడమే తేలిక.) తర్వాతి ఇంటర్వ్యూలో అదే ప్రశ్న వస్తే మా మేడ కథే చెప్పా, ఉద్యోగం వచ్చింది.

పిల్లలెవరైనా చేస్తే రెండు జాగ్రత్తలు. ఎక్స్చేంజ్‌కి తలుపు లాంటి 5060 పోర్ట్‌ని బయటి ఇంటర్నెట్‌కి తెరవద్దు, నేను ఒక్క రాత్రి తెరిచి చూస్తే పొద్దున్నకి లాగ్ నిండా ఎవరెవరో 100, 101, 102 అని వరసపెట్టి పాస్‌వర్డ్‌లు కొడుతున్నారు. ఇంకోటి, బయటి దేశాల నుంచి ఇంటర్నెట్లో వచ్చే కాల్స్‌ని లైసెన్స్ లేకుండా లోకల్ సిమ్‌ల మీదకి తిప్పడం నేరం, డబ్బులొస్తాయని ఎవరు చెప్పినా దాని జోలికి పోవద్దు.

ఇక నా రిక్వెస్ట్. లాక్‌డౌన్ నుంచి చాలా ఆఫీసుల్లో ల్యాప్‌టాప్‌కి హెడ్‌సెట్ పెట్టుకునే మాట్లాడేస్తున్నారు, టేబుల్ ఫోన్లు అట్టపెట్టెల్లోకి పోయాయి. 2022 ఈ-వేస్ట్ రూల్స్ ప్రకారం పెద్ద ఆఫీసులు తీసేసిన సామాను రిజిస్టర్డ్ రీసైక్లర్ లాంటి వాళ్లకే ఇవ్వాలి, మంచిదే, కానీ శుభ్రంగా పనిచేసే ఫోన్ మీద చెత్త అని ముద్ర వెయ్యకముందే దగ్గర్లో ఉన్న పాలిటెక్నిక్‌కి ఇవ్వొచ్చు కదా. ఆరు ఫోన్లు, ఒక స్విచ్, మూలన పడున్న పాత కంప్యూటర్ చాలు, ఒక బ్యాచ్‌కి లాబ్ అయిపోతుంది. లెక్చరర్ గారు రోజుకొక సెట్టింగ్ కావాలని చెడగొట్టి బయటికెళ్లి టీ తాగొస్తే పిల్లలే తంటాలు పడి నేర్చుకుంటారు.

మా ఆఫీసులోనే 14 ఫోన్లు స్టోర్‌రూమ్‌లో ఉన్నాయి. మేనేజర్ గారిని అడిగా, కాలేజీ లెటర్‌హెడ్ మీద ప్రిన్సిపాల్ సంతకంతో అడిగితే ఇస్తామన్నారు. రెండు రాష్ట్రాల్లో ఏ గవర్నమెంట్ పాలిటెక్నిక్ అయినా సరే, మీ పేపర్‌కి రాస్తే నాకు చెప్పండి, అడాప్టర్లతో సహా నేనే ప్యాక్ చేసి పంపిస్తా.

ఇట్లు
ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాద్