వాదానికి ముందు ఒక తెల్లకాగితం

సంపాదకులకు నమస్కారం.

దేవుడు ఉన్నాడా లేడా అన్న వాదం పాఠకుల లేఖల్లో ఎప్పటికీ తెగదు. ఇరుపక్షాల వాళ్లూ ఎదుటివారి మాటల్లో లొసుగులు వెతుకుతారు. తమ మాటలు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయా అని చూసుకునేవాళ్లు అరుదు. ఉనికి సంగతి తేలినా తేలకపోయినా, ఈ పరీక్ష మాత్రం ఎవరికి వారు ఒక సాయంత్రంలో చేసుకోవచ్చు. మన తర్కశాస్త్రానికి మూలగ్రంథమైన గౌతముడి న్యాయసూత్రాలు వాదంలో ఓటమి కింద లెక్కవేసే సందర్భాలను 22గా చెప్పాయి. వాటినే నిగ్రహస్థానాలు అంటారు. తాను ఒప్పుకున్న సిద్ధాంతానికే అడ్డంగా మాట్లాడటం, అంటే అపసిద్ధాంతం, అందులో ఒకటి.

దేవుడి గురించి మీరు నిజమనుకునే పది వాక్యాలు కాగితం మీద రాయండి. ఒక వాక్యంలో ఒకే మాట ఉండాలి. ‘దేవుడు దయామయుడు, న్యాయమూర్తి’ అని కలిపి రాస్తే అసలు రాపిడి కనబడకుండా పోతుంది. తప్పుకు తగిన శిక్ష వేస్తే న్యాయం, వేయకుండా వదిలేస్తే దయ. రెండూ పూర్తిగా ఎలా కుదురుతాయో విడివిడిగా రాసినప్పుడే అడగగలం. ‘అన్నీ’, ‘కొన్ని’, ‘ఎప్పుడూ’ లాంటి మాటలు మింగేయకుండా రాయాలి.

పది వాక్యాలకు 45 జంటలు వస్తాయి. జంటలు చూసి ఆపేయడమే ఎక్కువమంది చేసే పొరపాటు. దేవుడు సర్వశక్తిమంతుడు, దేవుడు పరమ దయాళువు, లోకంలో అకారణమైన బాధ ఉంది: ఏ రెండు తీసుకున్నా పేచీ లేదు, మూడూ కలిస్తేనే చిక్కు. అదీ ‘దయగలవాడు తాను ఆపగల అకారణ బాధను ఆపుతాడు’ అనే, కాగితం మీద లేని నాలుగో వాక్యం వల్ల. అందుకే మనం రాయకుండా నమ్ముకున్న వాక్యాలను కూడా బయటికి లాగాలి. పదింటిలో మూడేసి కలిపితే 120 గుంపులవుతాయి. అన్నీ చూడనక్కర్లేదు, ఒకే విషయాన్ని తాకేవి చూస్తే చాలు. తాను ఎత్తలేని బండను దేవుడు సృష్టించగలడా అన్న పాత ప్రశ్న మీద ఎక్కువసేపు కూర్చోవద్దు. అసంభవమైనది చేయలేకపోవడం శక్తిలో లోటు కాదని రాసుకుంటే అది తీరిపోతుంది.

చిక్కు దొరికాక ఒక వాక్యం కొట్టేయాలి, లేదా దానికి హద్దు గీయాలి. హద్దు గీస్తే కొత్త బాకీ నెత్తిన పడుతుంది. వేదాంతానికి మూలగ్రంథమైన బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయం మొదటి పాదంలో ఇది చక్కగా కనిపిస్తుంది. ఒకరికి సుఖం, ఒకరికి దుఃఖం ఇచ్చే ఈశ్వరుడికి పక్షపాతం, క్రూరత్వం అంటవా అన్నది ఆక్షేపణ. ప్రాణుల కర్మను బట్టే సృష్టి జరుగుతుంది కాబట్టి అంటవని 34వ సూత్రం జవాబు. వాన అన్ని పైర్లకూ ఒకటే, వరి వరిగా, యవలు యవలుగా రావడానికి విత్తనాలు కారణమని శంకరుల వివరణ. మరి మొదటి సృష్టికి ముందు కర్మ ఎక్కడిది? 35వ సూత్రం వెనక్కి తగ్గకుండా, సంసారానికి ఆది లేదు అంటుంది. ఒక చిక్కు విప్పడానికి అనాదిత్వాన్ని నెత్తికెత్తుకున్నారు, ఆ మాట బాహాటంగా చెప్పారు. నచ్చినా నచ్చకపోయినా నిజాయితీ ఉన్న జవాబు అది. ‘మొదట్లో ఏమీ లేదు, అంతా దేవుడే పుట్టించాడు’ అని కూడా కాగితం మీద రాసుకున్నవారికి మాత్రం ఈ జవాబు పనికిరాదు.

మన ఇళ్లలో ఎక్కువగా వినబడే జంట వేరు: ‘నుదుట రాసింది తప్పదు’, ‘మొక్కుకుంటే గండం గడుస్తుంది’. మొక్కుకోవడమూ రాసే ఉందంటే రెండూ నిలుస్తాయి. కానీ అప్పుడు ‘మొక్కుకోలేదు కాబట్టే ఇలా అయింది’ అని పక్కింటివాళ్లను నిందించే హక్కు పోతుంది. ప్రారబ్ధం అనుభవించక తప్పదు అన్నవారు, ఫలానా జబ్బు ప్రారబ్ధమో కాదో తెలిసే దారి కూడా చెప్పాలి.

అన్నిటికన్నా ఎక్కువగా దొరికే దోషం రెండు కొలతలు వాడటం. పరీక్ష పాసైతే స్వామి దయ, తప్పితే పిల్లవాడి ఖర్మ. ఏం జరిగినా చెడని వాక్యాన్ని విశ్వాసంగా ఉంచుకోవచ్చు, రుజువుగా చూపకూడదు. మొక్కనివాళ్లూ పాసవుతున్నారు కాబట్టి పాసవడం మొక్కు ఫలించిందనడానికి రుజువు కాదు. నిరూపించాల్సింది లేనిచోట కూడా కనిపించే ఇలాంటి హేతువును సవ్యభిచారం అంటారు. అన్నంభట్టు రాసిన తర్కగ్రంథం తర్కసంగ్రహంలోని అయిదు హేత్వాభాసాల్లో, అంటే హేతువులా కనిపించే తప్పుడు హేతువుల్లో, మొదటిది ఇదే. ‘దేవుడి లీల మన బుద్ధికి అందదు’ అన్నదీ ఇలాంటిదే. అందదన్నప్పుడు ‘ఆయన దయాళువు’ అన్న వాక్యం ఎలా అందింది? అది కూడా కొట్టేయడానికి సిద్ధపడి ఆ మాట అనాలి.

నాస్తికులకూ కాగితం తప్పదు. ‘సాక్ష్యం లేనిదేదీ నమ్మకూడదు’ అన్న వాక్యానికి సాక్ష్యం ఏది? ‘లేడని రుజువైంది’ అని ఒక పేరాలోనూ, ‘రుజువు చేయాల్సింది మేం కాదు’ అని మరో పేరాలోనూ రాస్తే అది మాట మార్చడమే. లోకంలోని బాధను చూపే వాదం సర్వశక్తి, సంపూర్ణ దయ రెండూ ఉన్న దేవుడికే తగులుతుంది. దాంతో వేదాన్ని తోసిపుచ్చామనుకోవడమూ తొందరపాటే. వేదాన్ని ప్రమాణంగా నిలబెట్టిన మీమాంసకుడు కుమారిల భట్టే సృష్టికర్తను ఒప్పుకోలేదు.

ఈ పరీక్షలో నెగ్గినంత మాత్రాన వాక్యాలు నిజమైపోవు. అబద్ధాలు కూడా ఒకదానితో ఒకటి చక్కగా పొసగగలవు. ఓడితే మాత్రం కనీసం ఒక వాక్యం తప్పు, అది ఏదో వెతుక్కోవాలి. చివరగా కాగితాన్ని మీతో విభేదించేవారికి ఇచ్చి, రాయకుండా వదిలేసిన వాక్యాలు చెప్పమనండి. అవి సొంత కంటికి దొరకవు.

సంపాదకులకు ఒక విన్నపం. ఈ విషయంపై లేఖలు వేసేటప్పుడు, తాము మాట్లాడుతున్నది ఏ లక్షణాలున్న దేవుడి గురించో రచయితలు మొదటి వాక్యంలోనే చెప్పాలని నియమం పెట్టండి. సగం లేఖలు ఒకరినొకరు ఖండించుకోవడం లేదని, వేర్వేరు దేవుళ్ల గురించి మాట్లాడుతున్నారని అప్పుడు పాఠకులకే తెలుస్తుంది.

– తర్కశాస్త్ర అధ్యాపకులు, తిరుపతి