గాలిలో పుప్పొడినీ లెక్కించండి: తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలి సభ్య కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

హైదరాబాద్ గాలి నాణ్యత సూచీని నేను రోజూ చూస్తాను. మా ఇంట్లో ఆస్తమా ఉన్న పిల్ల ఉంది. సూచీ బాగుందన్న రోజున కూడా తనకు తుమ్ములు, పిల్లికూతలు వస్తుంటాయి.

సూచీలో ఉన్నవి 8 కాలుష్యకాలు. పుప్పొడి, బూజు బీజాలు వాటిలో లేవు. పుప్పొడి రేణువులు చాలావరకు 10 మైక్రాన్ల కన్నా పెద్దవి, అందుకే 10 మైక్రాన్లు, అంతకన్నా చిన్న ధూళిని మాత్రమే తూచే పీఎం 10 కొలతకు అందవు. ఆస్పర్‌జిల్లస్ లాంటి బూజు బీజాలు అంతకన్నా చిన్నవే అయినా, దుమ్ముతో కలిపి తూకం వేస్తే వాటి సంగతి విడిగా తెలియదు.

కొలిచే పద్ధతి మాత్రం పాతదే. గాలిలోని పుప్పొడిని, బీజాలను పట్టే హర్స్ట్ ట్రాప్ అనే పరికరాన్ని 1952లోనే రూపొందించారు. అది నిమిషానికి 10 లీటర్ల గాలి పీలుస్తుంది. అంటే ఇంచుమించు ఒక మనిషి పీల్చేంత. లోపలి జిగురు టేపుకు అంటుకున్న రేణువులను మైక్రోస్కోపు కింద గుర్తుపట్టి లెక్కిస్తారు. ఓపిక, శిక్షణ కావాలి. ఆ పనికి ఉస్మానియా లాంటి విశ్వవిద్యాలయాల వృక్షశాస్త్ర విద్యార్థులను తీసుకోండి.

2016 నవంబరులో మెల్‌బోర్న్‌లో ఉరుముల వాన వేళ గడ్డి పుప్పొడి వల్ల వేలమందికి ఊపిరాడలేదు, 10 మంది చనిపోయారు. ఆ తర్వాతే అక్కడ ముందస్తు హెచ్చరికలు మొదలయ్యాయి. మనం అంతదాకా ఆగకూడదు.

ముందుగా నగరంలో ఒక్క ట్రాప్ పెట్టించండి. వయ్యారిభామ, సర్కారు తుమ్మ, గడ్డిజాతులు, బూజు బీజాల లెక్కను ఏడాది పొడవునా తెలుగులో అందరికీ కనిపించేలా ప్రకటించండి. ఏ నెలలో జాగ్రత్తపడాలో తల్లిదండ్రులకూ డాక్టర్లకూ తెలుస్తుంది.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక తల్లి