ఆ కొసరు వేగం మనకెందుకు?

ప్రియమైన రవీ,

కొత్త ప్రాసెసర్ కొనాలా, ఉన్నదానికే పెద్ద కూలర్ బిగించాలా అని అడిగావు. రెండూ వద్దు. ముందు బయోస్‌లోకి (కంప్యూటర్ ఆన్ కాగానే తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి) వెళ్లి ప్రాసెసర్ విద్యుత్ పరిమితి తగ్గించు. నవ్వకు, చివరిదాకా చదివి ఆ తర్వాత తిట్టుకో.

చిప్‌లో ట్రాన్సిస్టర్లు ఆన్, ఆఫ్ అవుతూ ఖర్చు చేసే విద్యుత్తు క్లాక్ వేగం (సెకనుకు ఎన్ని సైకిళ్లు నడుస్తుందో ఆ లెక్క) ఎంత పెరిగితే అంతే పెరుగుతుంది. వోల్టేజ్ అలా కాదు, దాని వర్గం, అంటే దాన్ని దానితోనే గుణిస్తే వచ్చేది, లెక్కలోకి వస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, వేగం పెంచాలంటే వోల్టేజ్ కూడా పెంచక తప్పదు. పైకి వెళ్లేకొద్దీ ప్రతి వంద మెగాహెర్ట్జ్‌కూ అది ఇంకా ఇంకా ఎక్కువ అడుగుతుంది. లెక్క వేసి చూడు: 5.5 గిగాహెర్ట్జ్‌కి 1.35 వోల్టులు కావలసిన కోర్ (చిప్‌లో లెక్కలు చేసే భాగం), 5 గిగాహెర్ట్జ్‌కి 1.15తో సరిపెట్టుకుంటుందనుకో. వేగం తగ్గేది 9 శాతం. ఖర్చు తగ్గేది దాదాపు 34 శాతం! కొసరు కోసం ఇంత ఖర్చా అని నీకే అనిపిస్తుంది.

మరి కంపెనీలు అంచుదాకా ఎందుకు తోస్తాయంటావా? పోలిక పట్టికల్లో పై వరుసలో పేరు కనబడాలి కదా. ఇంటెల్ కోర్ ఐ9-13900కె మూల పరిమితి 125 వాట్లు, టర్బోలో, అంటే తనే వేగం పెంచుకున్నప్పుడు, 253 దాకా పోతుంది. ఏఎమ్‌డీ రైజెన్ 9 7950ఎక్స్ 230 దాకా లాగుతుంది. అదే చిప్‌కు 105, 65 వాట్ల ఎకో మోడ్ (తక్కువ విద్యుత్తుతో నడిపే సెట్టింగ్) కూడా వాళ్లే పెట్టారు, కానీ దాన్ని ఆన్ చేసే పని మాత్రం మనకు వదిలేశారు.

గిగాహెర్ట్జ్ పిచ్చి ఇదివరకే ఒకసారి తలకు బొప్పి కట్టించింది. 2004లో ఇంటెల్ తెచ్చిన ప్రెస్కాట్ రకం పెంటియం 4లో పైప్‌లైన్ (ఒక్కో ఆదేశం దాటే మెట్ల వరుస) 31 దశలకు సాగింది, వేడి 115 వాట్లకు చేరింది. 4 గిగాహెర్ట్జ్ మోడల్ తెస్తామని చెప్పి, ఆ ఏడాదే మానుకున్నారు. 2006లో దాన్ని మట్టి కరిపించిన కోర్ 2 డ్యుయో లాప్‌టాప్ చిప్ వంశంలోది. క్లాక్ తక్కువ, 65 వాట్లు, పని ఎక్కువ. నా దృష్టిలో డెస్క్‌టాప్ చరిత్రలో అంతకంటే ముచ్చటైన మలుపు లేదు.

క్లాక్ పెంచకుండా పని పెంచే ఇంకో దారి క్యాష్, అంటే చిప్‌లోనే ఉండే చిన్న, చురుకైన మెమరీ. డేటా కోసం ర్యామ్ దాకా వెళ్లొస్తే కోర్ వందల సైకిళ్లు చేతులు కట్టుకుని కూర్చోవాలి, పైగా ఆ రాకపోకలకూ విద్యుత్తు ఖర్చే. 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీ 96 మెగాబైట్ల ఎల్3 (మూడో అంచె) క్యాష్‌తో, 5800ఎక్స్ కంటే తక్కువ క్లాక్‌లో ఉంటూనే చాలా గేముల్లో దాన్ని దాటేసింది.

సరే, నీ సంగతి. బయోస్‌లో విద్యుత్ పరిమితి ఏఎమ్‌డీ అయితే పీపీటీ, ఇంటెల్ అయితే పీఎల్1, పీఎల్2 అనే పేర్లతో ఉంటుంది, ఆ అంకెలు వెతుకు. మూడో వంతు కోసి, నీ వీడియో రెండర్‌కు ముందూ వెనుకా పట్టిన సమయం చూసుకో. ఇందులో ప్రమాదం లేదు, చిప్ తనంతట తానే తగ్గి నడుస్తుంది. అండర్‌వోల్టింగ్ (అదే వేగానికి వోల్టేజ్ తగ్గించడం) జోలికి మాత్రం నెమ్మదిగా వెళ్లు. ఏఎమ్‌డీలో అందుకోసం ఉన్న కర్వ్ ఆప్టిమైజర్ అనే సెట్టింగ్‌లో మైనస్ 10తో మొదలుపెట్టు, అన్ని కోర్లూ ఒకేలా ఉండవు. గంటలకొద్దీ భారీ పరీక్ష నెగ్గిన సెట్టింగ్, బ్రౌజర్ ఒక్కటే తెరిచి ఉన్నప్పుడు ఠక్కున కూలిపోవచ్చు. తేలిక పనిలోనే ఒంటరి కోర్ అన్నిటికంటే ఎక్కువ వేగానికి ఎగబాకుతుంది మరి. అందుకే తేలిక పనిలో కూడా కొన్నాళ్లు గమనించాకే నమ్ము.

ఒక్క సందేహం. నీ కంప్యూటర్ రోజులో ఎక్కువ సేపు ఊరికే ఆన్‌లో ఉండేదైతే ఈ పరిమితి వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. అప్పుడు చూడవలసింది సీ-స్టేట్స్ (పని లేనప్పుడు కోర్లు కునుకు తీసే స్థాయిలు), స్లీప్ సెట్టింగులు. ఏ పనికి ఎంత సేపు వాడుతున్నావో రాయి, అంకెలు నేనే సూచిస్తాను.

నీ
మురళి