టైరు పుట్టిన తేదీ బిల్లు మీద ఉండాలి

సంపాదకుల వారికి నమస్కారం.

నేను ఖమ్మంలో ఉంటూ వైరా సమీపంలోని ఒక ప్రభుత్వ పాఠశాలకు రోజూ చిన్న కారులో వెళ్లివచ్చే ఉపాధ్యాయుడిని. రానుపోను యాభై కిలోమీటర్లు. గ్రానైటు లారీల నుంచి జారిపడిన రాతి ముక్కలు, గుంతలు, వానాకాలంలో రోడ్డు అంచున నిలిచే నీళ్లు ఈ దారిలో మామూలే. ఇలాంటి దారిలో నడిచే కారుకు టైర్లు మార్చవలసి వచ్చినప్పుడు కొనేవాడికి అందవలసిన సమాచారం ఎంత తక్కువగా అందుతున్నదో నా అనుభవంలోకి వచ్చింది. ఇది నా ఒక్కడి సమస్య కాదు కనుక మీ పత్రిక ద్వారా సంబంధిత శాఖల దృష్టికి తీసుకురావాలనుకున్నాను.

2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త టైర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గడంతో, అప్పటిదాకా వాయిదా వేస్తూ వచ్చిన నేను దసరా తరువాత నాలుగు టైర్లూ ఒకేసారి మార్పించాను. సంక్రాంతి సెలవుల్లో ఒక టైరుకు మేకు దిగింది. పంక్చర్ షాపు కుర్రవాడు చక్రం ఊడదీసి, లోపలి వైపు గోడను తడిగుడ్డతో తుడిచి, "మాస్టారూ, ఇది కొత్తదని ఎవరు చెప్పారు?" అని అడిగాడు. అక్కడ చిన్న కోడిగుడ్డు ఆకారపు గడిలో 3221 అని అచ్చు వేసి ఉంది. అంటే 2021వ సంవత్సరం 32వ వారం, ఆగస్టు నెల. నేను కొనేనాటికే ఆ టైరుకు నాలుగేళ్లు నిండాయి. ఇంటికి వచ్చి కారు కింద పడుకుని ఫోన్ లైటు వేసి మిగిలిన మూడూ చూశాను. ఇంకొకటి కూడా 2021లోదే, రెండు మాత్రం 2025లోవి. ఈ నాలుగంకెలు చాలా టైర్లకు ఒకవైపు గోడ మీదనే ఉంటాయి. ఆ వైపు లోపలికి వచ్చేలా బిగిస్తే కారు చుట్టూ ఎన్నిసార్లు తిరిగినా కనిపించవు.

అమ్మిన దుకాణానికి వెళ్లి అడిగితే, "టైరేమన్నా పాల పాకెట్టా మాస్టారూ, తేదీ చూసి కొనడానికి? గోడౌన్లో ఉన్నదేగా, అరిగిందైతే కాదుగా" అన్నారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. ఎండ తగలని చల్లని గదిలో సరిగ్గా నిలవ ఉంచిన టైరు ఏడాది పాతదైనంత మాత్రాన పనికిరాకుండా పోదు, నిన్న తయారైన టైరే కావాలని నేను పట్టుబట్టడమూ లేదు. కానీ రబ్బరు వాడినా వాడకపోయినా గాలిలోని ఆక్సిజన్‌కూ ఓజోన్‌కూ వేడికీ క్రమంగా గట్టిపడుతుంది, పక్కగోడల మీద వెంట్రుకవాసి పగుళ్లు బయలుదేరతాయి, లోపలి ఉక్కు తీగల పొరలకూ రబ్బరుకూ మధ్య పట్టు సడలుతుంది. వాడకంలో అయిదేళ్లు దాటిన టైరును ఏటా పరీక్ష చేయించాలనీ, తయారై పదేళ్లయితే రోడ్డుకు తగిలే భాగంలోని గాట్లు ఎంత లోతుగా ఉన్నా తీసేయాలనీ ప్రధాన తయారీ సంస్థలే చెబుతున్నాయి. కొత్తగూడెం, రామగుండం, రెంటచింతల ఎండల్లో, గాలి కాస్త తక్కువగా ఉన్న చక్రం జాతీయ రహదారి మీద గంటల తరబడి తిరిగితే ఎంత కాగుతుందో డ్రైవర్లకు తెలుసు. అటువంటి చోట నాలుగేళ్ల వయసును కొత్త ధరకు అమ్మడం, అదీ చెప్పకుండా అమ్మడం అన్యాయం. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వస్తువు నాణ్యత, ప్రమాణం గురించి తెలుసుకునే హక్కు కొనుగోలుదారుకు ఇచ్చింది. అయితే నా చేతిలోని బిల్లు మీద "టైర్లు 13 అంగుళాలు – 4" అని తప్ప మరో ముక్క లేదు. జాతీయ వినియోగదారుల సహాయవాణి నంబరు 1915కు ఫోన్ చేసినా, వినియోగదారుల కమిషన్‌కు వెళ్లినా, ఆ టైర్లు ఆ దుకాణంలో కొన్నవేనని నేను దేనితో రుజువు చేయాలి?

దుకాణంలో మనల్ని అడిగేవి రెండే ప్రశ్నలు: ఏ కంపెనీ, ఎంతలో. మనం అడిగేవీ అవే. నిజానికి చూడవలసింది టైరు గోడ మీద వరుసగా అచ్చయి ఉంటుంది. నా కారుకు తయారీదారు నిర్ణయించిన కొలత 155/80 ఆర్ 13 (155 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 80 శాతం పక్కగోడ ఎత్తు, 13 అంగుళాల చక్రం), దాని పక్కన 79 అనే అంకె. ఆ 79 బరువు సూచిక, ఒక్కో టైరు 437 కిలోలు మోయగలదని దాని అర్థం. చక్రానికి పడుతుంది, ధరా తక్కువ అని చెప్పి ఎవరైనా 145/80 కొలతలో 75 సూచిక ఉన్నది బిగిస్తే దాని సామర్థ్యం 387 కిలోలు. టైరుకు యాభై చొప్పున నాలుగింటి మీద రెండు వందల కిలోలు తగ్గిపోయినట్టే. పండక్కి అయిదుగురు ఎక్కి, డిక్కీలో బియ్యం బస్తా పెట్టుకుని ఊరికి బయలుదేరే కుటుంబాలకు ఈ తేడా చిన్నది కాదు. పెద్ద టైరు వేస్తే అందం అనే సలహా ఇంకొకటి. 155/80కి బదులు 165/80 వేస్తే చక్రం మొత్తం వ్యాసం 16 మిల్లీమీటర్లు పెరుగుతుంది, మీటరు వంద చూపేటప్పుడు కారు అసలు వేగం దాదాపు మూడు కిలోమీటర్లు ఎక్కువగా ఉంటుంది. డ్రైవరు వైపు తలుపు చట్రం మీద అంటించిన చీటీలోనో, కారుతో ఇచ్చిన పుస్తకంలోనో ఉన్న కొలతనే అడిగి తీసుకోవడం క్షేమం.

వానలో పట్టు సంగతి మరింత ముఖ్యం. కొత్త టైరు గాటు సుమారు 7, 8 మిల్లీమీటర్ల లోతుంటుంది. కార్లకు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి, ఆ మట్టానికి అరిగిందని తెలిపే చిన్న గట్లు గాట్ల మధ్యనే ఉంటాయి. అయితే గాటు లోతు ఒక్కటే సరిపోదు, రబ్బరు మిశ్రమమూ తడి రోడ్డును పట్టుకోవాలి. టైరు దొర్లేటప్పుడు కలిగే నిరోధం, తడి రోడ్డు మీద పట్టు, శబ్దం, ఈ మూడింటికీ కనీస ప్రమాణాలను కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ 2022లో నోటిఫై చేసి, ఆ ఏడాది అక్టోబరు నుంచి కొత్త నమూనాలకు వర్తింపజేసింది. ఇది మంచి పని. కానీ ఆ పరీక్షలో ఏ టైరు అంచున గట్టెక్కిందో, ఏది బాగా రాణించిందో కొనేవాడికి తెలిసే దారి లేదు. యూరప్‌లో 2012 నుంచే ప్రతి కొత్త టైరుకూ తడి పట్టు, ఇంధన పొదుపు శ్రేణులను చూపే చీటీ తప్పనిసరి. మన దగ్గర కేంద్ర ప్రభుత్వ ఇంధన సామర్థ్య సంస్థ (బీఈఈ) టైర్లకూ నక్షత్రాల గుర్తింపు తెచ్చింది గానీ అది స్వచ్ఛందం. ఫ్రిజ్ కొనేటప్పుడు నక్షత్రాలు లెక్కపెట్టుకునే మనం, ఇంటిల్లిపాదినీ మోసే టైరును నలుపు నిగనిగ చూసి కొంటున్నాము.

ఊడదీసిన పాత టైర్ల గురించి కూడా ఒక మాట. మార్పిడి కింద దుకాణంలో వదిలేసినవాటిలో కొన్నింటికి మళ్లీ గాట్లు కోసి, నల్లరంగు పూసి సెకండ్ హ్యాండ్ పేరుతో అమ్ముతుండగా కళ్లారా చూశాను. కారు టైర్లు అలా తిరిగి కోయడానికి తయారైనవి కావు. కోసిన చోట ఉక్కు పొర మీద మిగిలేది పలుచని రబ్బరే. అవి కొనేది ఎక్కువగా అద్దె కార్లు నడుపుకునే పేదవారు.

అందువల్ల రెండు తెలుగు రాష్ట్రాల రవాణా, వినియోగదారుల వ్యవహారాల శాఖలను నేను కోరేది ఇది. టైరు అమ్మే ప్రతి దుకాణమూ కంపెనీ, పూర్తి కొలత, బరువు సూచిక, తయారీ వారం–సంవత్సరం బిల్లు మీద విధిగా రాసేటట్టు ఆదేశాలివ్వాలి, ఆ అంకెలు బయటి వైపు కనిపించేలా బిగించాలి, అలా వీలుకాని టైరైతే బిగించే ముందే చూపించాలి. తిరిగి గాట్లు కోసిన కారు టైర్ల అమ్మకాన్ని తనిఖీలు చేసి ఆపాలి. తడి పట్టు శ్రేణిని కొనుగోలుదారుకు కనిపించేలా తప్పనిసరి చేయమని కేంద్రానికి రాయాలి. సదాశివపేటలో ఎంఆర్ఎఫ్, తిరుపతి జిల్లా చిన్నపండూరులో అపోలో కర్మాగారాలు మన నేల మీదే ఉన్నాయి. ఆ సంస్థలూ తమ డీలర్లకు ఇదే మాట చెబితే పని సులువవుతుంది.

ఆ రెండు పాత టైర్లనూ నేను చివరకు తీసేయించి, మరో చోట ఇటీవలి తయారీవి రెండు కొని వెనక చక్రాలకు వేయించుకున్నాను. అడిగిన వెంటనే అక్కడి దుకాణదారు ఆ నాలుగంకెలూ బిల్లు మీద స్వయంగా రాసి, సంతకం చేసి ఇచ్చారు. ఆయనకు అందుకు అర నిమిషం కూడా పట్టలేదు.

భవదీయుడు,
ఒక ఉపాధ్యాయుడు, ఖమ్మం