మన సైనిక కుటుంబాల సంఘం: విశ్వావసు సంవత్సర (2025-26) వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు, ఆడపడుచులకు, సెలవు మీద ఊళ్లో ఉన్న కుర్రాళ్లకు నమస్కారం.

సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలన్నది మన నిబంధన, అందుకని రాస్తున్నాను. నలుగురు చేసిన పని నలభై మంది ఖాతాలో పడకూడదని కాస్త వివరంగా కూడా రాస్తున్నాను.

ఏడాది గాభరాగానే మొదలైంది. మే 7న ఆపరేషన్ సిందూర్ వార్త వచ్చేసరికి మన పిల్లలు కొందరు పెళ్లిళ్లకని, వేసవి సెలవులకని ఇళ్ల దగ్గరే ఉన్నారు. వెంటనే బయలుదేరమని యూనిట్ల నుంచి ఫోన్లు వచ్చాయి. కోనసీమలో రైలెక్కాలంటే ఇప్పటికీ గోదావరి దాటాల్సిందే కదా. ఆ రాత్రి రావులపాలెం మీదుగా రాజమండ్రి స్టేషన్‌కు కార్లు తిప్పిన ఇద్దరు డ్రైవర్లు డీజిలు డబ్బులు కూడా పుచ్చుకోలేదు. వారికి సంఘం రుణపడి ఉంది. 10వ తేదీన కాల్పులు ఆగే వరకు మన ఇళ్లలో టీవీలు కట్టేయలేదు. ఒక్క విన్నపం. "మావాడి యూనిట్ ఫలానా చోటికి కదిలింది" అని వాట్సాప్ గ్రూపులో పెట్టినవారు ఇకమీదట దయచేసి మానాలి. మన ఆత్రం అర్థం చేసుకోగలం గానీ, ఆ కబురు ఎవరెవరి ఫోన్లకు చేరుతుందో మనకు తెలియదు.

అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. సార్వా (ఖరీఫ్) వరిచేలు పడిపోయాయి, కొబ్బరిచెట్లు కూలాయి. మగదిక్కు సరిహద్దులో ఉన్న ఇళ్లకు మన కుర్రాళ్లు టార్పాలిన్లు, కొవ్వొత్తులు చేర్చారు, దారికి అడ్డంపడ్డ చెట్లు కోసి తీశారు. అక్కడి వరకు బాగానే ఉంది. అసలు తిప్పలు పంట నష్టం రాయించుకునేటప్పుడు వచ్చాయి. ఒకావిడ ఇంట్లో పొలం భర్త పేరున ఉంది, ప్రభుత్వ ఈ-పంట (ఏ పొలంలో ఏ పంట ఉందో రాసే) నమోదులో వేలిముద్ర వేయాల్సినవాడు అరుణాచల్‌లో ఉన్నాడు. ఆవిడ కార్యాలయం చుట్టూ తిరుగుతుంటే "ఆయన్నే రమ్మనండి" అన్నారట ఒక అధికారి. రమ్మంటే వచ్చే ఉద్యోగమా అది? మన ఉపాధ్యక్షులు యూనిట్ ఇచ్చిన సర్వీసు సర్టిఫికెట్ పట్టుకుని పై అధికారి దగ్గర కూర్చుంటే గానీ ఆ పని కాలేదు. అధికారుల పేర్లు నివేదికలో రాయకూడదని కార్యవర్గం తీర్మానించింది కాబట్టి రాయడం లేదు.

నవంబరులో ఎప్పటిలాగే పింఛనుదారులు బతికే ఉన్నామని ఏటా ఇవ్వాల్సిన జీవన ప్రమాణ పత్రాలు. రక్షణశాఖ ఆన్‌లైన్ పింఛను పద్ధతి స్పర్శ్ వచ్చాక బ్యాంకుకు వెళ్లే పని తగ్గింది, మీ-సేవకు వెళ్లే పని పెరిగింది. పొలం పనులకు అరిగిపోయిన ముసలివాళ్ల వేళ్లు యంత్రానికి అందవు. ముఖం చూపించి ఫోనులోనే పూర్తిచేసే పద్ధతి 2021 నుంచి ఉన్నా మనలో చాలామంది వాడుకోలేదు. ఈసారి డిగ్రీ చదివే ఇద్దరమ్మాయిలు ఇంటింటికీ వెళ్లి మంచంలో ఉన్నవారికి కూడా చేసిపెట్టారు. కుటుంబ పింఛను మీద బతికే ఒక పెద్దావిడ "నా మొహం చూసి ప్రయాగరాజ్ పింఛను ఆఫీసు వాళ్లు డబ్బులేస్తారా?" అని నవ్వారని చెప్పారు.

డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవానికి స్టిక్కర్లు పంచి, వచ్చిన విరాళం యావత్తూ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో జమచేశాం. రసీదు ఉంది.

ఇక మన జవాన్లకు పంపే పండుగ పొట్లాల సంగతి. సంక్రాంతికి అందాలంటే డిసెంబరు రెండో వారంలోపు పోస్టులో పడాలి. తల్లులు, అక్కచెల్లెళ్లు కల్యాణ మండపం వంటశాలలో రాత్రి బియ్యం నానబోసి, తెల్లారకుండా తడిపిండి పట్టించి, పాకం చూసుకుంటూ అరిసెలు వండారు. సున్నుండలు, జంతికలు, కొబ్బరి ఉండలు సరేసరి. ఆత్రేయపురం పూతరేకులు పెట్టాలని చాలామంది పట్టుబట్టారు. వాటికి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మాట నిజమే గానీ, 99 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) దాకా వెళ్లేసరికి పొడి కాకుండా ఉండే గుర్తింపు ఇంకా రాలేదు. ఎవరి సొంత పొట్లంలో వారు పెట్టుకోవచ్చు. చిరునామా విషయం మళ్లీ చెబుతున్నాను. నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, 56 ఏపీఓ లేదా 99 ఏపీఓ, 9తో మొదలయ్యే పిన్‌కోడ్, అంతే. ప్రేమకొద్దీ కింద "లడఖ్" అని, "సిక్కిం" అని రాయకండి. ఆ ఊరి పేరు పోస్టు వాళ్లకు అక్కర్లేదు, బయటివాళ్లకు అసలే తెలియకూడదు. మన పోస్టాఫీసు సిబ్బంది భోజనం వేళ దాటినా తూకాలు ఆపకుండా అన్నీ తీసుకున్నారు. వారికి నమస్కారాలు.

ఈ ఏడు మనం తలెత్తుకుని చెప్పుకోవలసింది సంక్రాంతి. 2026లో భోగి జనవరి 14న పడింది, అది మాజీ సైనికుల దినోత్సవం. పెద్ద పండుగ 15న, అది ఆర్మీ డే. 1949లో అదే రోజున కరియప్ప గారు భారత సైన్యానికి తొలి భారతీయ సేనాధిపతి అయ్యారు. రెండూ ఇలా కలిసివచ్చాయి కదా, ఊరంతా ఒకచోట కూర్చుందామని కార్యవర్గం నిర్ణయించింది. పొద్దున ఎవరి ఇళ్లలో వారు పెద్దలకు బట్టలు పెట్టుకున్నాక, మూడు గంటలకు హైస్కూలు ఆవరణలో మొదలుపెట్టాం.

వేదిక మీద నాయకులకు కుర్చీలు వేయకూడదని ముందే అనుకున్నాం. పైన కూర్చున్నది జవాన్ల తల్లులు, భార్యలు, వారి మధ్యలో వీరనారులు, అంటే ప్రాణాలర్పించిన జవాన్ల భార్యలు. ముగ్గుల పోటీకి న్యాయనిర్ణేతలూ వాళ్లే, గొబ్బెమ్మల దగ్గర మొదటి పాట ఎత్తుకున్నదీ వాళ్లే. పండుగపూట భర్త లేని ఆడవాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టడమేమిటని ఒకరిద్దరు పెద్దలు గొణిగారు. ఆ మాట మైకు దాకా వచ్చి ఉంటే సమాధానం కూడా మైకులోనే చెప్పేవాణ్ణి. గత ఏళ్లలో పిలిచినా గడప దాటని ఒక సోదరి ఈసారి తన పిల్లను వెంటబెట్టుకుని వచ్చి, చివరి దాకా కూర్చుని, వెళ్లేటప్పుడు వచ్చే ఏటి వంటకు తన పేరు రాసుకోమన్నారు. నా వరకు ఆ కార్యక్రమానికి అంతకన్నా పెద్ద మెచ్చుకోలు లేదు.

ఆ ఉదయం జైపూర్‌లో జరిగిన పరేడ్‌ను సాయంత్రం తెర మీద మళ్లీ చూపించాం. నెట్‌వర్క్ అందిన పిల్లలతో వీడియో కాల్స్ కలిపాం. అందని వారి తల్లులు పక్కింటి అబ్బాయినే చూసి "చిక్కిపోయావురా" అన్నారు. మర్నాడు కనుమకు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వీరనారుల కుటుంబాలను రెండు వ్యాన్లలో తీసుకెళ్లాం. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటంగా నడిచిన ప్రభలవి, వెదురుతో కట్టి రంగు బట్టలతో అలంకరించి భుజాల మీద మోసేవి. కౌశిక కాలువ దాటించేటప్పుడు ఒక జవాను కొడుకు భుజం పట్టాడు.

ఆహ్వానం అందుకుని "తప్పకుండా వస్తాం" అన్న అధికారులెవరూ రాలేదు. వారికోసం తెచ్చిన శాలువాలు వంటవాళ్లకు కప్పాం, బాగున్నాయి. ఇక వాలంటీర్లు. గ్రూపులో బొటనవేలు గుర్తు పెట్టిన వారంతా వస్తే ఆవరణ చాలేది కాదు. కుర్చీలు మోసింది ఏడుగురు. మిగతావాళ్లు ఆ మూడు రోజులు ఏ బరుల దగ్గర ఉన్నారో ఊరందరికీ తెలుసు, నేను రాయడమెందుకు? పందెం కోడికి ఏడాదంతా బాదంపప్పు పెట్టే ఓపిక ఉన్నవారికి ఒక్క సాయంత్రం బెంచీలు వేసే ఓపిక లేకపోయింది.

లెక్కలు. కోశాధికారి గారి పట్టిక విడిగా పంచాం, ఆడిటరు సంతకం ఉంది. రాబడి కన్నా ఖర్చు కొంచెం ఎక్కువైంది, షామియానా బాకీ మిగిలింది. చందా కట్టనివారి జాబితా చదవమన్నారు, పండుగలు వెళ్లిన నెలలో చదవబుద్ధి కాక మానేశాను. ఉగాది వెళ్లాక చదువుతాను.

బియ్యం, బెల్లం ఇచ్చిన రైసుమిల్లు వారికి, కొబ్బరికాయలు దింపించి ఇచ్చిన రైతులకు, హైస్కూలు ప్రధానోపాధ్యాయులకు, పంచాయతీ వారికి, మైకు సెట్టు కుర్రాడికి, సెలవులో వచ్చి కూడా కట్టెలు కొట్టిన నాయక్ ర్యాంకు జవాన్లిద్దరికి కృతజ్ఞతలు. పేరు మరచిన వారుంటే సమావేశంలో లేచి చెప్పండి, మినిట్స్‌లో చేరుస్తాం.

రాబోయే ఏడాది పని ఒకటి ఇప్పుడే మొదలుపెట్టాలి. నాలుగేళ్లకే సైన్యంలో చేరిన అగ్నివీర్ తొలి జట్ల గడువు 2026 చివరి నుంచి పూర్తవుతాయి. ఆ జట్లలో మన పిల్లలున్నారు. ఏడాదికి ముప్పై రోజుల సెలవే కాబట్టి పండుగకు ఇంట్లో కనబడింది తక్కువ. నాలుగింట ఒక వంతు దాకా సైన్యంలో కొనసాగుతారు, మిగతావారు సేవానిధితో, అంటే చివర్లో ఒకేసారి ఇచ్చే డబ్బుతో, ఇంటికి వస్తారు. ఆ డబ్బు చేతికి రాగానే చేపల చెరువు లీజులంటూ, ప్లాట్లంటూ చుట్టూ చేరేవాళ్లు ఎందరుంటారో మనకు తెలియనిది కాదు. బ్యాంకు పని తెలిసిన మాజీ సైనికులు ఇద్దరు, ఉద్యోగ ప్రకటనలు చూసిపెట్టే యువకులు ఇద్దరు పేర్లివ్వాలి. కాగితం మీద సంతకంతో ఇవ్వాలి, బొటనవేలు గుర్తు చెల్లదు.

కార్యదర్శిగా నా రెండేళ్ల పదవీకాలం ఈ సమావేశంతో ముగుస్తుంది. వరసగా మూడు సమావేశాలకు రాని కార్యవర్గ సభ్యుల స్థానాలు నిబంధన ప్రకారం ఖాళీ అయినట్టే, వాటికి కూడా ఎన్నిక ఉంటుంది. నామినేషన్ కాగితాలు రామాలయం పక్కన మన గదిలో ఉన్నాయి. వచ్చే సంక్రాంతి పొట్లాలకు చిరునామాలు కార్తీక మాసం లోపు అందాలి, ఆలస్యంగా వచ్చినవి ఎవరి ఖర్చుతో వారు పంపుకోవాలి.

ఇట్లు,
కార్యదర్శి