ఇంటర్వెల్ గంట కొట్టేదాకా మా చేతికి ఫోన్ ఇవ్వకండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఒక ప్రాథమిక పాఠశాలలో ఎస్‌జీటీగా, అంటే సెకండరీ గ్రేడ్ టీచర్‌గా పనిచేస్తున్నాను. మా బడిలో 38 మంది పిల్లలు, ఐదు తరగతులు, ఇద్దరం టీచర్లం. ఒకటి, రెండు, మూడు తరగతులు నా గదిలో కూర్చుంటాయి. నాలుగు, ఐదు హెచ్ఎం (ప్రధానోపాధ్యాయుడు) గారి దగ్గర. ఆయన మీటింగుకని మండలానికి వెళ్లిన రోజు ఐదూ నావే. జీతం గురించో బదిలీ గురించో ఈ ఉత్తరం రాయడం లేదు. పొద్దున బడి గంట కొట్టినప్పటి నుంచి ఇంటర్వెల్ గంట కొట్టేదాకా ఉండే కాస్త సమయాన్ని మాకూ పిల్లలకూ వదిలేయమని అడగడానికి రాస్తున్నాను.

ఎందుకు అడుగుతున్నానో తెలియాలంటే మా రెండో తరగతి పిల్ల ఒకామె గురించి చెప్పాలి. పేరు రాయను. కిటికీ పక్కన కూర్చుంటుంది. అక్షరాలన్నీ వచ్చు, గుణింతాలు వచ్చు. వత్తుల దగ్గర ఆగిపోయింది. "పుస్తకం" అని రాసి చూపిస్తే "పుసతకం" అని చదివేది. కొన్నిసార్లు కిందున్నది వదిలేసి "పుసకం" అనేది.

బయటివాళ్లకు ఇది చిన్న తప్పులా కనిపిస్తుంది. పిల్లల పక్కన కూర్చున్నవాళ్లకు ఇదెంత కష్టమో తెలుసు. "స్త" అన్నచోట స పెద్దగా, నిండుగా కనిపిస్తుంది. త కింద ఎక్కడో చిన్నగా ఉంటుంది. నోటితో పలికేటప్పుడు మాత్రం స సగమే పలకాలి, త నిండుగా పలకాలి. కంటికి కనిపించేది ఒకటి, నోటికి రావాల్సింది ఇంకొకటి. పైగా త, న, మ, య, ర, ల లాంటివాటి వత్తులు చూడ్డానికి అసలు అక్షరాల్లా ఉండవు. తెలుగు చదవడం నేర్చుకునే ప్రతి పిల్లా ఈ మెట్టు ఎక్కాల్సిందే. మీరూ నేనూ ఎక్కినవాళ్లమే. ఎప్పుడు, ఎలా ఎక్కామో మనకు గుర్తులేదు, అంతే.

ఆగస్టులో ఒక రోజు మొదటి పీరియడ్. మూడో తరగతి వాళ్లకు పుల్లల కట్టలిచ్చి కూడికలు చేయమన్నాను. ఒకటో తరగతి వాళ్లు ఇసుక పళ్లెంలో అక్షరాలు దిద్దుతున్నారు. నేను ఈ పిల్ల పక్కన కింద కూర్చున్నాను. పలక మీద వేలు పెట్టి కాసేపు చూసింది. తర్వాత తలెత్తి అడిగింది: "మేడమ్, ఈ కిందుండే దాన్ని ముందు సదవాల్నా, ఎనక సదవాల్నా?"

మంత్రి గారూ, నా పదకొండేళ్ల సర్వీసులో ఏ పిల్ల నోటా ఇంత మంచి ప్రశ్న వినలేదు. తనకు ఏది అర్థం కావడం లేదో ఆ పిల్లే పట్టుకుంది. నేనిక చేయాల్సింది దానికి జవాబు చెప్పడమే.

అప్పుడే ఫోన్ మోగింది. బడి ఫోటోలు ఇంకా రాలేదట, వాట్సాప్ గ్రూపులో మా బడి పేరు పెండింగ్ లిస్టులో ఉందట, పైనుంచి అడుగుతున్నారట. ఆ రోజు హెచ్ఎం గారు లేరు. లేచి వెళ్లాను. ఫోటోలు తీశాను. మా ఊళ్లో సిగ్నల్ గేటు దగ్గర వేపచెట్టు కింద మాత్రమే సరిగ్గా అందుతుంది. అక్కడ నిలబడి, అప్‌లోడ్ అయ్యేదాకా ఆ తిరిగే గుండ్రం వైపు చూస్తూ ఉన్నాను. లోపలికి వచ్చేసరికి ఒకటో తరగతి వాళ్లు ఇసుక ఒకరి మీద ఒకరు చల్లుకుంటున్నారు. ఆ పిల్ల పలక తుడిచేసి పువ్వు బొమ్మ గీస్తోంది. "ఇందాక ఏదో అడిగావు కదమ్మా?" అన్నాను. "ఏం లేదు మేడమ్" అంది.

మళ్లీ ఆమె ఆ ప్రశ్న దగ్గరికి రావడానికి రెండు వారాలు పట్టింది.

ఆఫీసు నుంచి ఫోన్ చేసిన ఉద్యోగిని నేను తప్పుపట్టను. వాళ్ల మీద ఎంత టెన్షన్ ఉందో నాకు తెలుసు. ఫోటోలు అడగడమూ తప్పు కాదు. అప్పట్లో మరుగుదొడ్ల ఫోటోలు అడగడం మొదలయ్యాక మా బడి మరుగుదొడ్లు శుభ్రపడ్డాయి, ఆడపిల్లలు నీళ్లు తాగడానికి భయపడటం మానేశారు. ఆ మేలు నేను కళ్లారా చూశాను. నా బాధంతా అవి అడిగే వేళ గురించే.

విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి ఐదో తరగతి దాకా ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలని చెప్పింది. అంటే రోజుకు నాలుగు గంటలు. నా గదిలో మూడు తరగతులు ఉన్నాయి కాబట్టి ఒక్కో తరగతికి నేను ఇవ్వగలిగేది గంటా ఇరవై నిమిషాలు. రెండో తరగతిలో ఎనిమిది మంది పిల్లలు. భాగించి చూడండి, ఒక్కొక్కరికి 10 నిమిషాలు వస్తాయి. తెలుగు, లెక్కలు, ఇంగ్లీషు అన్నీ ఆ పదిలోనే. పిల్లలు గుంపుగా కూర్చుని ఒకరి నుంచి ఒకరు నేర్చుకుంటారు, నిజమే. కానీ వాళ్ల పక్కన కూర్చుని వేలు ఎక్కడ ఆగుతోందో చూసే సమయం మాత్రం అంతే. ఒక ఫోన్ ఎత్తి, ఒక ఫోటో తీసి, అది వెళ్లేదాకా నిలబడితే 10 నిమిషాలు పోతాయి. అంటే ఒక పిల్లకు ఆ రోజు రావాల్సిన టీచర్ మొత్తం పోయినట్టే.

ఒక సోమవారం ఏం జరిగిందో డైరీలో రాసుకున్నాను. ముందు నా హాజరు, సర్వర్ స్లో. తర్వాత పిల్లల హాజరు. తర్వాత భోజనానికి ఎంతమంది అన్న లెక్క. తర్వాత ఫోటోలు. అవి సింక్ కాలేదని మళ్లీ తీయమన్నారు. ఆ తర్వాత గ్రూపులో "అర్జంట్" అని ఒక ఫార్మాట్. పిల్లల ఆధార్ వివరాలు అందులో నింపాలి. అవి కిందటి నెలలో ఇచ్చినవే, కాలమ్‌లు అటూ ఇటూ మారాయి అంతే. ఇవన్నీ అయ్యేసరికి ఇంటర్వెల్ గంట కొట్టారు. ఆ పొద్దున నేను నల్లబల్ల మీద రాసింది తేదీ, వారం, హాజరు సంఖ్య.

మధ్యాహ్నం చెప్పుకోవచ్చు కదా అంటారు. ఒకటో తరగతి పిల్లలతో ఒక్క రోజు గడిపితే ఆ మాట అనరు. అన్నం తిన్నాక ఆరేళ్ల పిల్లలకు కళ్లు మూతలు పడతాయి. అప్పుడు పాటలు పాడించవచ్చు, మట్టితో బొమ్మలు చేయించవచ్చు, కథ చెప్పవచ్చు. కొత్త వత్తు నేర్పలేం. చదవడం, లెక్క నేర్పడానికి పొద్దున పూటే మంచిది. పిల్లలు మొహాలు కడుక్కుని, నూనె రాసుకుని, పలకలు పట్టుకుని వచ్చి కూర్చున్న ఆ గంటన్నరలోనే మా చేతుల నుంచి బలపం తీసి ఫోన్ పెడుతున్నారు.

మా ప్రాంతానికి ఇంకో కష్టముంది. దసరా దాటాక మా ఊళ్లలో ఇళ్లకు తాళాలు పడతాయి. పత్తి ఏరడానికి, ఆ తర్వాత మిరప కోతలకు గుంటూరు వైపు వలస పోతారు. అవ్వాతాతలు ఉన్న పిల్లలు ఊళ్లోనే ఉంటారు, కొందరు సీజనల్ హాస్టళ్లలో చేరతారు, మిగిలినవాళ్లు అమ్మానాన్నల వెంట పోతారు. తిరిగి వచ్చేసరికి ఉగాది అవుతుంది. అలాంటి పిల్లలకు బడి దొరికేదే జూన్ నుంచి దసరా దాకా, చివర్లో ఇంకొన్ని వారాలు. 200 రోజుల లెక్క వాళ్లకు వర్తించదు. వాళ్లకు మిగిలిన పొద్దులు వేళ్ల మీద లెక్కపెట్టుకోవాల్సినవి. నేను చెప్పిన పిల్ల ఇల్లు కూడా అలాంటిదే.

చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు వచ్చేలా చూసే కేంద్ర పథకం నిపుణ్ భారత్‌ను 2021 జులైలో మొదలుపెట్టారు. 2026-27 నాటికి మూడో తరగతి పూర్తయ్యేలోగా ప్రతి పిల్లా నిమిషానికి కనీసం 60 మాటలు అర్థం చేసుకుంటూ చదవాలి, 9999 దాకా అంకెలు చదివి రాయాలి అన్నది దాని లక్ష్యం. మంచి లక్ష్యం. నేను నమ్మి పనిచేస్తున్నాను. పల్లెల్లో పిల్లల చదువు ఎలా ఉందో చూసే అసర్ సర్వే 2024లో చెప్పిన లెక్క ప్రకారం, దేశంలోని పల్లెల్లో ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతం. అంతకుముందుకంటే పెరిగింది, సంతోషమే. కానీ మిగిలిన పిల్లలు ఎవరో నాకు తెలుసు. రోజూ నా ఎదుటే కూర్చుంటారు. వాళ్లు ఆగిపోయింది తెలివి తక్కువై కాదు. వేలు ఆగినచోట పక్కన ఎవరూ లేకపోవడం వల్ల.

నా గదిలో చదువు ఎలా జరుగుతుందో ఒకటి చెబుతాను. మా దగ్గరున్న బొమ్మల కార్డుల్లో "బ" పక్కన బంగాళాదుంప ఉంది. ఒకటో తరగతి పిల్లాడు దాన్ని చూసి గట్టిగా "ఉర్లగడ్డ" అన్నాడు. మా వైపు అందరూ అనేది అదే. అప్పటి నుంచి వాడు "బ" కనిపిస్తే "ఉ" అంటాడు. కార్డు ప్రకారం వాడు తప్పు, వాళ్ల అమ్మ భాష ప్రకారం ఒప్పు. ఇలాంటిచోట ఐదు నిమిషాలు ఆగి, ఆ బొమ్మ కిందే "ఉర్లగడ్డ" అని కూడా రాసి, "బ"కు వాడికి తెలిసిన బండి బొమ్మ వేసి ఇచ్చాను. వాడి మొహం వెలిగిపోయింది. ఈ ఐదు నిమిషాలు ఏ యాప్‌లోనూ నమోదు కావు.

ఇంకోటి, గుడ్లు. ట్రేకు 30 గుడ్లు. వరసకు ఆరు, ఐదు వరసలు. మూడో తరగతి పిల్లలకు ఎక్కం అక్కడే నేర్పుతాను. ఒక రోజు 34 మంది వచ్చారు. వంట చేసే అక్క ఎన్ని ఉడకబెట్టాలని అడిగింది. నేను నోరు తెరిచేలోపే ఒక పిల్లాడు "ఒక ట్రే నిండుగా, ఇంకా నాలుగు" అన్నాడు. ఇంకొకడు ఊరుకోలేదు: "కాదు, ఐదు వరసలు, ఇంకా నాలుగు." ఇద్దరూ ఒకటే చెబుతున్నారని వాళ్లకు తెలియదు. పోట్లాటకు దిగారు. మిగతావాళ్లు ట్రే చుట్టూ మూగి వరసలు లెక్కపెట్టారు. చివరికి ఒక పాప "రెండూ ఒకటేరా" అని తేల్చింది. ఆ మాట నేను చెప్పి ఉంటే మర్నాటికి మర్చిపోయేవాళ్లు. ఆ రోజు నేను గుడ్ల ఫోటో ఆలస్యంగా పంపాను. అందుకు మాట పడ్డాను. మళ్లీ అలాంటి రోజు వచ్చినా అలాగే చేస్తాను.

విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ టీచర్లను బోధనేతర పనులకు వాడకూడదని చెబుతూనే జనగణన, ఎన్నికలు, విపత్తు సహాయం అనే మూడింటిని మినహాయించింది. వాటి మీద నాకు అభ్యంతరం లేదు. వరద వస్తే వెళ్తాను. ఎన్నికల డ్యూటీ చేశాను. కానీ రోజూ పొద్దున వచ్చే ఈ పని ఆ మూడింటిలో ఏదీ కాదు.

అందుకే నేను అడిగేది డబ్బు ఖర్చు లేని పని. ఇంటర్వెల్ దాకా ప్రాథమిక పాఠశాల టీచర్‌కు ఏ ఆఫీసు నుంచీ ఫోన్ రాకూడదని, ఏ అప్‌లోడ్‌కూ ఆ సమయం గడువుగా పెట్టకూడదని ఒక సర్క్యులర్ ఇవ్వండి. టీచర్ హాజరు గేటు దగ్గరే వేసి లోపలికి వస్తాం, అందులో ఇబ్బంది లేదు. పిల్లల హాజరు రిజిస్టర్‌లో పొద్దునే వేసి, ఇంటర్వెల్‌లో ఎక్కిస్తాం. వంటకు కావాల్సిన లెక్క వంట అక్కకు నోటితో చెబుతాం, ఎప్పటి నుంచో అలాగే చెబుతున్నాం. ఫోటోలేవైనా ఇంటర్వెల్‌లోనో సాయంత్రమో తీస్తాం. ఒకసారి ఇచ్చిన వివరాలు మళ్లీ అడగకుండా మీ ఆఫీసులే ఒకదాన్నుంచి ఒకటి తీసుకునేలా చూడండి. ఇద్దరే టీచర్లున్న బడుల్లో హెచ్ఎం మీటింగులు మధ్యాహ్నం పెట్టించండి. పెండింగ్ లిస్టు మాత్రం గ్రూపులో పొద్దున పదింటికి పెట్టనివ్వకండి. నాకు తెలిసి, టీచర్లను గదిలోంచి బయటికి లాగడంలో దాన్ని మించింది లేదు. పేరు ఎర్ర రంగులో కనిపించగానే చేతిలో ఏ పిల్ల చేయి ఉన్నా వదిలేసి లేస్తాం. ఆ భయం నాకూ ఉంది.

ఆ పిల్ల సంగతి చెప్పాలి కదా. సెప్టెంబర్‌లో ఒక పొద్దున కరెంటు లేదు, సిగ్నల్ కూడా లేదు. ఎవరూ ఫోన్ చేయలేదు. వరండాలో సుద్దముక్కతో కుంటాట గడులు గీశాను. మొదటి గడిలో "పుస్", రెండో గడిలో "త", మూడో గడిలో "కం" రాశాను. మొదటి గడిలో ఒంటికాలి మీద నిలబడాలి, ఎక్కువసేపు ఆగకూడదు, మిగతా రెండిట్లో రెండు కాళ్లూ ఆనించి గట్టిగా పలకాలి. రెండుసార్లు పడిపోయింది. మూడోసారి "పుస్-త-కం" అని గెంతింది. అక్కడే నిలబడి వెనక్కి తిరిగి ఆ గడుల వైపు చూసింది. "ఓ, ఎనకనా!" అంది. తర్వాత రోజంతా గోడ మీద, క్యాలెండర్ మీద, చిక్కీ కవర్ మీద ఎక్కడ వత్తు కనిపిస్తే అక్కడ ఆగి చదివింది.

మీరు మా బడికి రండి. ముందు చెప్పకండి, చెబితే ముగ్గులు వేయమంటారు, ఆ పూట కూడా పోతుంది. మొదటి గంటకే వచ్చి, చెప్పులు గుమ్మం బయట వదిలి, కిటికీ పక్కన ఆ పిల్ల దగ్గర కింద కూర్చోండి. "పుస్తకం" దాటేసింది. ఇప్పుడు "రాష్ట్రం" దగ్గర ఆగి ఉంది, అక్కడ ఒకటి కాదు రెండు వత్తులున్నాయి. దసరాలోపే రండి. ఆ తర్వాత ఆమె ఇక్కడ ఉంటుందో లేదో నాకు తెలియదు.

ఇట్లు,
మీ విధేయురాలు,
ఒక ఎస్‌జీటీ టీచర్, కర్నూలు జిల్లా